తేలికైన ల్యాప్‌టాపా, పవర్ ఉన్నదా? రోజూ మోసేవాళ్లు చెప్పండి

మియాపూర్_రోజా: మియాపూర్ నుంచి రాయదుర్గం రోజూ మెట్రోలోనే. ఎక్సెల్, జూమ్ కాల్స్, కాస్త వీడియో ఎడిటింగ్. 1.3 కిలోల సన్నది కొనాలా, 2.3 కిలోల గేమింగ్‌దా? బడ్జెట్ 75 వేలు.

మెట్రో_మావయ్య: 2.3 అన్నది ల్యాప్‌టాప్ ఒక్కదాని బరువమ్మా. చార్జర్ ఇటుకంత ఉంటుంది, అదో అరకిలో పైమాటే. లంచ్ బాక్స్, నీళ్ల సీసా కలిపితే అమీర్‌పేటలో రైలు మారేసరికి భుజం లాగేస్తుంది. నేను ఫిజియోథెరపీ దాకా వెళ్లాను. సన్నదే కొను.

గుంటూరు_గేమర్: మా ఊళ్లో మే నెల ఎండల్లో సన్నదాని మీద వీడియో ఎక్స్‌పోర్ట్ పెట్టి చూడండి. కాసేపటికే వేడెక్కి స్పీడు తనే తగ్గించేసుకుంటుంది. కీబోర్డు పై వరస మీద వేలు ఆనదు.

శీను_సింపుల్: ఇంత ఆలోచన ఎందుకు? 8 జీబీ ర్యామ్‌ది తీసుకోండి, డబ్బు మిగులుతుంది.

సర్వీస్_సీనియర్: శీను గారూ, జనాన్ని తప్పుదారి పట్టించకండి. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ల మార్కెట్‌లో ఏళ్లుగా ల్యాప్‌టాప్‌లు విప్పుతున్నవాణ్ణి. సన్నవాటిలో చాలావాటికి ర్యామ్ మదర్‌బోర్డు మీదే సోల్డరింగ్ చేసి వస్తుంది, తర్వాత పెంచలేం. "ర్యామ్ వేయండన్నా" అని వచ్చి ఉత్త చేతులతో పోయేవాళ్లను చూస్తే బాధేస్తుంది. 16కి తగ్గొద్దు.

శీను_సింపుల్: అమ్ముకునేవాళ్లు అలాగే అంటారు. ఆపిల్ ఎం1 చిప్ ఉన్న నా మ్యాక్‌బుక్ ఎయిర్ 2020ది, 8 జీబీ, ఫ్యానే లేదు. ఇప్పటికీ బ్రహ్మాండంగా నడుస్తోంది.

సర్వీస్_సీనియర్: నేను అమ్మను, బాగుచేస్తాను. మాట జాగ్రత్త. ఆవిడ ఆఫీసు ఎక్సెల్ మ్యాక్రోలు, అంటే పని తామే చేసిపెట్టే చిన్న ప్రోగ్రాములు, విండోస్‌లోనే నడిచేవైతే మీ ఎం1 ఏం చేస్తుంది?

గుంటూరు_గేమర్: ఇంకా ర్యామ్ దగ్గరే కొట్టుకుంటున్నారా? ప్రాసెసర్ నంబరు చివరి అక్షరం చూడమని ఒక్కరూ చెప్పరేం! ఇంటెల్ 13వ తరంలో యూ అంటే 15 వాట్లు, తక్కువ పవర్‌ది; హెచ్ అంటే 45, ఎక్కువ పవర్‌ది. రెండిటి మీదా ఐ7 స్టిక్కరే ఉంటుంది.

నిజామాబాద్_అమ్మ: మా అబ్బాయి బీటెక్ ఫస్టియర్. గేమింగ్‌దే కావాలని పట్టుబట్టాడు. హాస్టల్ గదిలో ముగ్గురికి ఒక్కటే ప్లగ్ పాయింట్. బ్యాటరీ మీద ఎంతసేపు వస్తుంది?

మెట్రో_మావయ్య: గేమ్ ఆడితే గంట, గంటన్నరకే దిగిపోతుందమ్మా. సన్నదైతే సీ టైప్ 65 వాట్ల చార్జర్ చాలు, ఫోనుకూ అదే పెట్టుకోవచ్చు.

మియాపూర్_రోజా: మాది విండోసే, మ్యాక్రోలు ఉన్నాయి. ర్యామ్ పెంచుకునే వీలుందో లేదో కొనేముందే ఎలా తెలుస్తుంది?

సర్వీస్_సీనియర్: షాపులోనే టాస్క్ మేనేజర్‌లో మెమరీ తెరిస్తే ర్యామ్ పెట్టే స్లాట్లు ఎన్నో కనిపిస్తుంది. కానీ సోల్డరింగ్ చేసినదాన్నీ ఒక్కోసారి స్లాటుగానే చూపిస్తుంది. కంపెనీ సైట్‌లో ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్ తెరిచి సరిచూసుకుని, అప్పుడే డబ్బు కట్టండి.