వేలంలో పాత క్లాడ్ బట్లర్ సైకిల్: పాడేముందు ఏం చూసుకోవాలి?

ప్రశ్న, లెస్టర్ నుంచి:

అందరికీ నమస్కారం. మా ఊరికి దగ్గర్లో శనివారం పాత వస్తువుల వేలం ఉంది. అందులో ఒక క్లాడ్ బట్లర్ సైకిల్ పెడుతున్నారు. "1950ల నాటిది, చేత్తో కట్టిన ఫ్రేము, రెనాల్డ్స్ 531 గొట్టాలు, ఫ్రేము కొలత 22 అంగుళాలు, వాడకపు గుర్తులున్నాయి" అని కేటలాగులో రాశారు. అంచనా ధర 250 నుంచి 350 పౌండ్లు. ఎర్ర రంగు, బ్రూక్స్ తోలు సీటు, స్టర్మీ ఆర్చర్ గేర్లు. చిన్నప్పుడు నాన్న హెర్క్యులెస్ మీద బారు కిందనుంచి కాలు దూర్చి తొక్కి నేర్చుకున్నవాణ్ణి. ఇలాంటి సైకిల్ ఒకటి ఇంట్లో ఉండాలని ఎప్పటినుంచో కోరిక. అలంకారానికి కాదు, తొక్కడానికే. శుక్రవారం వెళ్లి చూసుకోనిస్తారు. ఏం చూడాలో, ఎంతవరకు పాడొచ్చో తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు, డెర్బీ నుంచి:

సీటు, గేర్లు, మెరుపు ముందు పక్కనబెట్టండి. మీరు కొనేది ఫ్రేమునీ, దాంతోపాటు పుట్టిన ఫోర్కునీ. మిగతావి రేపు మార్చుకోవచ్చు. ఇంత పాత సైకిలుకి ఇప్పటికే ఒకటి రెండుసార్లు మార్చేసి కూడా ఉంటారు.

పేరు సంగతి కూడా తెలుసుకోండి. క్లాడ్ బట్లర్ లండన్‌లో 1928లో వ్యాపారం మొదలుపెట్టాడు. 1950ల చివరికి అది దివాలా తీసి, పేరు హోల్డ్స్‌వర్త్ అనే ఇంకో సైకిల్ కంపెనీ చేతికి పోయింది. తర్వాత వచ్చినవీ తొక్కడానికి బాగానే ఉంటాయి, కానీ వాటికి పెట్టే ధర వేరు. ఫ్రేము నంబరు ఎక్కువగా పెడళ్ల ఇరుసు తిరిగే గూడు (బీబీ గూడు అంటారు) అడుగున కొట్టి ఉంటుంది. మట్టి తుడిచి ఫోటో తీసి వెటరన్ సైకిల్ క్లబ్‌కు పంపండి. 1955 నుంచి నడుస్తున్న సంఘం అది. ఒక్కో కంపెనీ సైకిళ్ల గురించి బాగా తెలిసినవాళ్లు అందులో ఉన్నారు. స్టర్మీ ఆర్చర్ హబ్బు మీద మోడల్ అక్షరాల దగ్గర తయారైన సంవత్సరం అంకెలు ఉంటాయి. అది హబ్బు వయసే కానీ సైకిల్ వయసు కాదు, చక్రం మార్చి ఉండొచ్చు.

531 అంటే బర్మింగ్‌హామ్‌లో రెనాల్డ్స్ వాళ్లు 1935లో తెచ్చిన మాంగనీస్ మాలిబ్డినం ఉక్కు. స్టిక్కరు ఉంది కదా అని నమ్మేయకండి, కొత్త స్టిక్కర్లు అమ్ముతారు. అసలుదే అయినా చిన్న అక్షరాలు చదవండి. కొన్నింటి మీద మూడు పెద్ద గొట్టాలు మాత్రమే 531 అని ఉంటుంది, కొన్నింటి మీద ఫోర్కు, వెనక కడ్డీలు కూడా అని ఉంటుంది. ఇంకో ఆధారం సీటు రాడ్డు. దాని మీద కొట్టిన కొలత 27.2 మి.మీ. అయి, రాడ్డు వదులు లేకుండా సరిగ్గా కూర్చుంటే అది చివర్లు మందంగా, నడుమ పలచగా లాగిన తేలిక గొట్టం అయ్యే అవకాశం ఎక్కువ. 26.4, 26.6 లాంటివైతే గోడ మందం.

ఇక అసలు పరీక్ష. ఎదురు దెబ్బ తగిలిన సైకిల్లో ఫోర్కు వెనక్కి వంగుతుంది, హ్యాండిల్ మెడకు కాస్త వెనక కింది గొట్టం అడుగున ఉబ్బుతుంది. కొత్త రంగు మీద అది కంటికి ఆనదు. కళ్లు మూసుకుని బొటనవేలు ఆ గొట్టం అడుగున మెడ నుంచి పెడళ్ల వైపు మెల్లగా జరపండి. చిన్న అల తగిలినా వేలు చెబుతుంది. పై బారు అడుగున కూడా అలాగే చూడండి. చిన్న అయస్కాంతం తీసుకెళ్లండి. ఎక్కడైనా పట్టు సడలిందంటే రంగు కింద లప్పం పెట్టి పూడ్చారన్నమాట.

ఒక దారం కూడా జేబులో వేసుకోండి. వెనక చక్రం ఇరుసు కూర్చునే గాడి నుంచి మెడ గొట్టం చుట్టూ తిప్పి అవతలి గాడికి బిగుతుగా లాగి కట్టండి. దారానికీ సీటు గొట్టానికీ మధ్య దూరం రెండు పక్కలా కొలవండి. రెండు మూడు మి.మీ. తేడా అయితే భయం లేదు, ఉక్కు కదా, ఫ్రేము కట్టేవాళ్లు వంచి సరిచేస్తారు. అంతకు మించితే ఆలోచించాలి.

సీటు రాడ్డు, హ్యాండిల్ రాడ్డు కదులుతున్నాయో లేదో అక్కడి మనిషిని అడిగి చూడండి. అల్యూమినియం రాడ్డు ఉక్కు గొట్టంలో ఏళ్ల తరబడి ఉంటే రెండూ కరుచుకుపోతాయి. నేను మొదటిసారి కొన్న ఫ్రేములో సీటు రాడ్డు అలాగే ఇరుక్కుంది. "కాస్త బిగుతు" అని వేలం వాళ్లు చెప్పారు. అమోనియా పోశాను, రోజుల తరబడి నూనె పోశాను, కదల్లేదు. చివరికి లోపల రంపం బ్లేడు పెట్టి రాడ్డును నిలువునా కోసి తీశాను. రెండు ఆదివారాలు పోయాయి, గొట్టం లోపల గీతలు కూడా పడ్డాయి. ఆ బాధ ఇంకొకరికి వద్దు.

డబ్బు లెక్క. పాట ఆగిన ధర మీద కొనుగోలుదారు కమిషన్ ఉంటుంది, దాని మీద 20 శాతం వ్యాట్. కమిషన్ 25 శాతమైతే వందకు పాడితే 130 కట్టాలి, 250కి పాడితే 325. ఆన్‌లైన్లో పాడితే చాలా చోట్ల ఇంకో రుసుము కలుస్తుంది, షరతులు ముందే చదవండి. హాలుకు వెళ్లి పాడే వీలున్న బహిరంగ వేలంలో, నచ్చలేదని 14 రోజుల్లో వెనక్కిచ్చే హక్కు ఉండదు. ఉన్నది ఉన్నట్టు తీసుకోవాల్సిందే.

లెస్టర్ నుంచి, శుక్రవారం సాయంత్రం:

అన్నా, చూసొచ్చాను. దారం పరీక్షలో ఒకవైపు 31, ఇంకోవైపు 33 మి.మీ. వచ్చింది. సీటు రాడ్డు కదిలింది, 27.2 అని ఉంది. హ్యాండిల్ రాడ్డును ముట్టుకోనివ్వలేదు. బీబీ గూడు అడుగున నంబరు దొరికింది, ఫోటో తీశాను. కానీ మీరన్న చోట, మెడకు రెండంగుళాల వెనక, కింది గొట్టం అడుగున వేలికి అల తగిలింది. గోరు పెడితే అక్కడ రంగులో వెంట్రుక మందాన అడ్డగీత. ఫోర్కు మాత్రం తిన్నగా ఉంది. ఇంకోటి, ఫ్రేము మీద రంగు పెచ్చు లేచినచోట ఎరుపు కింద నీలం కనిపించింది. ఫోర్కు మీద పెచ్చు లేచినచోట ఎరుపు కింద నేరుగా ఉక్కే. ఇదేమైనా ముఖ్యమా?

జవాబు, డెర్బీ నుంచి:

చాలా ముఖ్యం. గొట్టం ఉబ్బేంత దెబ్బ తగిలితే ఫోర్కు తిన్నగా మిగలడం అరుదు. ఫ్రేము మీద పాత నీలం ఉండి ఫోర్కు మీద లేదంటే, దెబ్బ తర్వాత వేరే ఫోర్కు తెచ్చి వేసి మొత్తానికి ఎర్ర రంగు కొట్టి ఉంటారనే నా అనుమానం. ఆ ఉబ్బు మీద పడిన గీత ఉక్కులోకి కూడా దిగిందా, రంగు వరకేనా అన్నది రంగు గీకితేగానీ తెలియదు. గీకనివ్వరు కదా.

బర్మింగ్‌హామ్ నుంచి మరొకరు:

ఒక్క మాట అండి. ఫోర్కును మొత్తం గీకి రంగు వేసి, ఫ్రేముకు పాతదాని మీదే వేసేవాళ్లు కూడా ఉన్నారు. నీలం లేదని ఫోర్కు మార్చారనేయలేం. నంబరు చూడాలి.

జవాబు, డెర్బీ నుంచి:

నిజమే, రంగు ఒక్కటే అయితే నేనూ అనను. చాలామంది కట్టేవాళ్లు ఫోర్కు మెడ రాడ్డు మీద కూడా ఫ్రేము నంబరే కొట్టేవారు. అది చూడాలంటే ఫోర్కు బయటికి తీయాలి, వేలం హాల్లో అది జరగదు. కానీ అల కూడా ఉంది కాబట్టి నేనైతే రెండూ కలిపే చూస్తాను. కింది గొట్టం మార్పించి, మళ్లీ రంగు వేయించాలంటే సైకిల్ ధర దాటిపోతుంది. ఆ గొట్టాన్ని నమ్ముకుని వాలులో దిగే సాహసం చేయకండి. కావాలనే ఉంటే సీటు, హబ్బు, చైన్ చక్రం, బ్రేకుల విలువకే పాడండి. కమిషన్, వ్యాట్ అన్నీ కలిపి మొత్తం 150 పౌండ్లు దాటకూడదంటే, పాట 115 దగ్గర చేయి దించేయాలి.

లెస్టర్ నుంచి, శనివారం:

115 దగ్గర చేయి దించేశాను అన్నా. 210కి ఇంకెవరో తీసుకున్నారు. కొన్నాయన దగ్గరికి వెళ్లి గొట్టం కింద చూసుకోమని చెప్పాను. ఆయన అక్కడే మోకాళ్ల మీద కూర్చుని వేలు జరిపి చూసి, "ఫ్రేము నాకు అక్కర్లేదు, గేర్ల హబ్బు కోసం తీసుకున్నా" అన్నారు. వచ్చే నెల వేలానికి మెర్సియన్ సైకిల్ ఒకటి వస్తోందట, మీ ఊరిదే కదా, 21 అంగుళాలు. నా ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు.

జవాబు, డెర్బీ నుంచి:

ఆ ఎత్తుకు 22 కంటే 21 మీకు బాగా నప్పుతుంది. నంబరు ఫోటో దొరికితే పంపండి. చక్రాలు 27 అంగుళాలవా, 700 సివా చూడండి. మొదటివాటి రిమ్ము 630 మి.మీ., రెండోవాటిది 622. 27 తీసి 700 సి వేస్తే బ్రేకు కట్టె నాలుగు మి.మీ. కిందికి అందాలి. ఆ రోజు నాకు ఖాళీ ఉంటే నేనూ వస్తాను, దారం మీరు తెచ్చుకోండి.