నైల్ రోజర్స్ రిథమ్ నేర్చుకోవాలి, చేతిలో 18 వేలే ఉన్నాయి

తీగలపిచ్చి:
అన్నలూ, ఒక సలహా కావాలి. నాలుగేళ్లుగా అకౌస్టిక్ వాయిస్తున్నా. ఒకే వేలితో తీగలన్నీ నొక్కే బార్ కార్డులు పడతా, సినిమా పాటలకు స్ట్రమ్మింగ్ ఫర్వాలేదు. ఈ మధ్య అమెరికా ఫంక్, డిస్కో బ్యాండ్ షిక్ గిటారిస్ట్ నైల్ రోజర్స్ పిచ్చి పట్టుకుంది. 2013లో ఆయన డాఫ్ట్ పంక్‌తో చేసిన ‘గెట్ లక్కీ’ దగ్గర మొదలై, వెనక్కి వెళ్తూ వెళ్తూ 1979 నాటి ‘గుడ్ టైమ్స్’ దగ్గర ఆగిపోయా. ‘గెట్ లక్కీ’లో ఉన్నవి నాలుగే కార్డులు. బి మైనర్ సెవెన్, డి, ఎఫ్ షార్ప్ మైనర్ సెవెన్, ఇ. నాలుగూ నాకొచ్చు. వాయిస్తే మాత్రం రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టుంది.

షాపుకెళ్తే, గిటార్, ఆంప్ (యాంప్లిఫైయర్), శబ్దం మార్చే పెడల్ మూడూ ఉంటేగానీ ఆ సౌండ్ రాదని 40 వేలకు లెక్క రాసిచ్చారు. నా దగ్గరున్నది 18 వేలు. అమీర్‌పేటలో రూమ్మేట్‌తో సింగిల్ రూమ్, కింద ఓనర్ వాళ్లుంటారు. ఉన్న డబ్బంతా గిటార్ మీదే పెట్టనా, లేక చవకలో గిటార్, ఆంప్ రెండూ తెచ్చుకోనా?

పెడల్‌రాజు:
బ్రదర్, కంప్రెసర్ పెడల్ లేకుండా ఫంక్ జోలికి వెళ్లకు. ప్రతి దెబ్బా ఒకే మట్టంలో వినపడాలంటే అదే దిక్కు. సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంది. వీలుంటే, ఒకే గిటార్ రెండు మూడు గిటార్లలా వినపడేలా చేసే కోరస్ పెడల్ కూడా పడెయ్.

పాత_ఆర్కెస్ట్రా:
తమ్ముడూ, ముందు ఆ లెక్క కాగితం చింపెయ్. రాజమండ్రి చుట్టుపక్కల ఇరవై రెండేళ్లు పెళ్లి ఆర్కెస్ట్రాల్లో రిథమ్ వాయించినవాణ్ణి, నా మాట విను. రోజర్స్ కూడా మొదట్లో మాలాంటి వాడే. న్యూయార్క్ హార్లెమ్‌లో అపోలో థియేటర్ హౌస్ బ్యాండ్‌లో, ఎవరొచ్చి పాడితే వాళ్ల వెనక వాయించాడు. వెనక నిలబడి వాయించేవాడి చెయ్యి అది.

ఆయన ‘హిట్‌మేకర్’ అని పిలుచుకునే తెల్ల స్ట్రాటోకాస్టర్ ఎలక్ట్రిక్ గిటార్ 1960 నాటిది. దాని జోలి మనకెందుకు! నీకు పనికొచ్చే సంగతి ఏంటంటే, షిక్ రికార్డుల్లో ఆ గిటార్ ఎక్కువగా నేరుగా రికార్డింగ్ కన్సోల్‌లోకే వెళ్లింది. డిస్టార్షన్ లేదు, పెద్ద ఆంప్ లేదు. నువ్వు కొనలేనని బాధపడుతున్న వస్తువు ఆ సౌండ్‌లో అసలు లేనేలేదు.

ఇది నాకు పుస్తకాలు చదివి తెలియలేదు. ఒకసారి రావులపాలెం దగ్గర రిసెప్షన్‌లో రెండో పాటకే నా ఆంప్ పొగలు కక్కింది. సౌండ్ సిస్టమ్ కుర్రాడు డీఐ బాక్స్ అనే చిన్న పెట్టె పెట్టి నా గిటార్‌ని తిన్నగా మిక్సర్‌కి కలిపాడు. మానిటర్లో వింటే సన్నగా, దోమ కూసినట్టుంది. పరువు పోయిందనుకున్నా. ప్రోగ్రాం అయ్యాక కీబోర్డ్ మాస్టారు వచ్చి, ‘ఇవాళ్టికి నీ గిటార్ వినపడిందయ్యా’ అన్నారు. అన్నాళ్లూ నేను బొంగురు తీగలు కూడా కలిపి మోగిస్తూ బాస్ వాయించే అతని మీద ఎక్కి కూర్చున్నానన్నమాట.

షిక్‌లో బాస్ సంగతి బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ చూసుకునేవాడు. అందుకే గిటార్‌కి మూడు సన్న తీగలు చాలు. ‘గుడ్ టైమ్స్’ తిరిగేది ఇ మైనర్ సెవెన్, ఎ ఈ రెంటి మధ్యే. ఇలా పట్టి చూడు. మూడో తీగ 7వ ఫ్రెట్, రెండో తీగ 8, ఒకటో తీగ 7. అది ఇ మైనర్ సెవెన్. ఇప్పుడు మూడో తీగ మీద ఒక్క స్వరాన్ని 6కి దించు, మిగతా రెండూ కదపకు. ఎ నైన్త్ అయిపోయింది. అచ్చంగా ఆయన పట్టే పట్టు ఇదేనని అనను, చేతికి అలవాటు కావడానికి మాత్రం ఇంతకంటే సులువైంది లేదు.

ఇక కుడిచెయ్యి. అసలు కథంతా అక్కడే ఉంది. మృదంగం వాళ్లు చెప్పే ‘తకధిమి’ తీసుకో. ‘త’ కిందికి, ‘క’ పైకి, ‘ధి’ కిందికి, ‘మి’ పైకి. నాలుగు దెబ్బలకి పదహారు అక్షరాలు. పాట ఎలా ఉన్నా మణికట్టు ఆ పదహారూ ఊగుతూనే ఉండాలి. స్వరం పలకాలా వద్దా అన్నది ఎడమచెయ్యి చూసుకుంటుంది. వేళ్లు నొక్కితే కార్డు, తీగలు వదలకుండా బిగి సడలిస్తే ‘చిక్’. నువ్వు చిక్ రావాల్సిన చోట కుడిచెయ్యి ఆపేస్తున్నావు, అందుకే ఆ గులకరాళ్లు.

వారం రోజులు కార్డులు ముట్టుకోకు. తాళం కొట్టే మెట్రోనోమ్ 60లో పెట్టి ఉత్త చిక చిక చిక చిక. తర్వాత ‘త’ దగ్గర మాత్రమే నొక్కు. అది కుదిరాక ‘క’ దగ్గర మాత్రమే. పైకి లాగే దెబ్బ కదా, ఏడిపిస్తుంది. ‘గెట్ లక్కీ’ స్పీడ్ 116. అంటే నిమిషానికి 464 సార్లు చెయ్యి ఊగాలి. భుజంతో ఊపావో, పల్లవి దాటేలోపే నొప్పెడుతుంది. పిక్ పల్చటిది వాడు, పది రూపాయల పని.

పెడల్‌రాజు గారూ, కంప్రెసర్ మంచిదే, కాదనను. దెబ్బలు సమంగా పడని చేతికి ముందే అది ఇస్తే ఆ చెయ్యి ఎప్పటికీ సమం కాదు. కోరస్ ఎందుకు చెప్పారో మాత్రం నాకు బోధపడలేదు.

ఇంట్లోస్టూడియో:
మాస్టారు చెప్పినదానికి కొనే లెక్క చేరుస్తా. సెకండ్ హ్యాండ్‌లో స్ట్రాట్ మోడల్ గిటార్, తీగల కంపనం పట్టే పికప్‌లు సింగిల్ కాయిల్‌వి ఉన్నది, పదకొండు పన్నెండు వేలలో పట్టుకో. స్విచ్ మెడ వైపు పికప్‌కి పెట్టు, రోజర్స్ ఎక్కువగా వాడేది అదే. మిగిలిన దాంట్లో గిటార్‌ని కంప్యూటర్‌కి కలిపే పాత ఆడియో ఇంటర్‌ఫేస్ ఒకటి. దాని మీద ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్ ఉందో లేదో చూసుకో, మామూలు లైన్ ఇన్‌పుట్‌లో గుచ్చితే గిటార్ గొంతుకి దుప్పటి కప్పినట్టుంటుంది. హెడ్‌ఫోన్లు నీ దగ్గరే ఉంటాయి, ఓనర్ గొడవా ఉండదు. కంప్రెసర్ కంప్యూటర్లో ఉచితంగా దొరుకుతుంది, పెడల్‌రాజు మాటా దక్కుతుంది.

ఫోన్‌కి గుచ్చే చిన్న అడాప్టర్ మాత్రం వద్దు. నేను ఒకటి కొని 1,200 తగలేశాను. మీటాక శబ్దం కాస్త ఆలస్యంగా వచ్చేది. 116 స్పీడ్‌లో ఒక్కో అక్షరానికి దక్కేది సెకనులో దాదాపు ఎనిమిదో వంతు. అందులో సగం ఆలస్యానికే పోతే ఇక తకధిమి ఎక్కడ?

తీగలపిచ్చి:
మూడు వారాలైంది. 11,500కి గిటార్, 3,800కి ఇంటర్‌ఫేస్ దొరికాయి. వారమంతా చిక చిక చేశా, రూమ్మేట్ నాకు ‘చెకుముకి’ అని పేరు పెట్టాడు. మాస్టారూ, ఒక డౌట్. మీరు చెప్పిన 7వ ఫ్రెట్ పట్టులో బిగి సడలించగానే చిక్ బదులు గంట కొట్టినట్టు ‘టింగ్’మంటోంది. గిటార్‌లో లోపమా?

పాత_ఆర్కెస్ట్రా:
గిటార్ బంగారం. 7వ ఫ్రెట్ మీద వేలు ఊరికే ఆనితే హార్మోనిక్ పలుకుతుంది, అది తీగ స్వభావం. ఒక్క వేలితో సడలిస్తే అంతే. సడలించేటప్పుడు ఖాళీగా ఉన్న వేళ్లు కూడా తీగల మీద పడుకోబెట్టు. రెండు మూడు చోట్ల ఆనితే గంట చచ్చిపోతుంది. మెట్రోనోమ్ ఎంతకొచ్చింది?

తీగలపిచ్చి:
టింగ్ పోయింది మాస్టారూ! 84 దగ్గరున్నా. ‘క’ ఇంకా ఏడిపిస్తోంది.

పాత_ఆర్కెస్ట్రా:
80కి దించు. రికార్డు చేసి ఇక్కడ పెట్టు, వింటాను.