లిగమెంటు తెగిన లాబ్రడార్‌కు ఆపరేషన్ తప్పదా?

బ్రూనో ఇల్లు, నల్లగొండ
మా వాడికి ఆరేళ్లు, 41 కిలోలు. డాబా మీద కోతిని తరుముతూ ఒక్కసారిగా మలుపు తిరిగాడు. అప్పటి నుంచి వెనుక ఎడమ కాలు సరిగా మోపడం లేదు. నిలబడితే వేళ్ల కొసలే నేలకు ఆనుతున్నాయి, కూర్చుంటే ఆ కాలిని పక్కకు చాపేస్తున్నాడు. డాక్టరు మత్తిచ్చి మోకాలి కింది ఎముకను ముందుకు జరిపి చూసి, క్రూసియేట్ లిగమెంటు (మోకాలి లోపల రెండు ఎముకలనూ పట్టి ఉంచే పట్టీ) పూర్తిగా తెగిందన్నారు. ఆపరేషన్ చేయించాలా? హైదరాబాద్ వరకు కారులో ఎలా తీసుకెళ్లాలి? మేముండేది మొదటి అంతస్తు, మెట్ల సంగతేమిటి?

జడ్చర్ల రాట్‌వీలర్
చేయించండి, ఆలోచించకండి. మా దానికి టీపీఎల్‌ఓ (మోకాలి కింది ఎముకను కోసి తిప్పి ప్లేటు వేసే ఆపరేషన్) చేయించాం. ఇప్పుడు పొలం గట్ల మీద నాకంటే ముందు పరుగెడుతోంది. ఖర్చు గట్టిగానే అయింది, ప్లేటుదీ స్క్రూలదే పెద్ద వాటా. అయినా పెట్టిన ప్రతి రూపాయికీ ఫలితం కనబడుతోంది.

దేవరకొండ వాసి
అంత డబ్బు ఎందుకండీ? మా దగ్గర కట్టు కట్టే పెద్దాయన ఉన్నారు. ఆకు పసరు, గుడ్డు సొన, వెదురు బద్దలు, అంతే. మా కుక్క నెల తిరగకముందే నడిచింది.

మిర్యాలగూడ టీచర్
దయచేసి ఇలాంటి సలహా ఇవ్వకండి. విరిగిన ఎముకను కదలకుండా ఉంచితే అతుక్కుంటుంది. లిగమెంటు ఎముక కాదు. కీలు లోపల తెగిన ఆ రెండు కొసలు పైనుంచి ఎంత బిగించినా కలవవు. మా పక్కింటివాళ్లు ఇలాగే కట్టించారు. పాదం ఉబ్బి, చల్లబడి, వేళ్ల మధ్య చర్మం నల్లగా మారింది. కట్టు విప్పినప్పుడు వచ్చిన కుళ్లు వాసనకు ఇంట్లో ఎవరూ నిలబడలేకపోయారు. ఆ మూగజీవి ఎన్ని రాత్రులు మూలిగిందో వాళ్లనే అడగండి.

దేవరకొండ వాసి
ఎవరో చేతకానివాడు కడితే విద్యదా తప్పు? మా పెద్దాయన చేతి మీద ఎందరి కాళ్లు బాగయ్యాయో వచ్చి చూడండి. మా కుక్క నడుస్తోంది. కళ్లెదుట కనబడేదాన్ని కాదనమంటారా?

మిర్యాలగూడ టీచర్
మీ కుక్క బరువెంత? అసలు లిగమెంటే తెగిందని ఎవరు చెప్పారు?

దేవరకొండ వాసి
నాటు కుక్క, 12 కిలోలుంటుంది. చెప్పడానికి డాక్టరే కావాలా? కాలు ఎత్తుకుని తిరిగింది, మాకు కళ్లు లేవా?

శునక శిక్షకుడు, సూర్యాపేట
ఏళ్ల తరబడి కుక్కల మధ్యే బతుకుతున్నాను, నా మాట వినండి. ఆ నాటు కుక్క నడిచింది కట్టు వల్ల కాదు, బరువు తక్కువ కావడం వల్ల. 15 కిలోల లోపు కుక్కలు విశ్రాంతినిస్తే చాలావరకు కుదుటపడతాయి. కీలు చుట్టూ కణజాలం గట్టిపడి కొంత పట్టు వస్తుంది. 41 కిలోల శరీరానికి ఆ పట్టు చాలదు. కుక్క మోకాలి కింది ఎముక పైభాగం వెనక్కి వాలుగా ఉంటుంది. లిగమెంటు లేకపోతే అడుగు వేసిన ప్రతిసారీ తొడ ఎముక ఆ వాలులోకి జారుతుంది. టీపీఎల్‌ఓలో ఎముకను కోసి, తిప్పి, ఆ వాలునే తగ్గించి ప్లేటు వేస్తారు. ఇంకో మాట. మీవాడి లిగమెంటును తెంపింది కోతి కాదు. కుక్కల్లో అది చాలాకాలంగా పీచు పీచుగా అరిగి చివరికి తెగుతుంది. అందుకే ఒక మోకాలు పోయిన కుక్కల్లో దాదాపు సగానికి రెండోదీ పోతుంది. ముందు బరువు తగ్గించండి.

వనపర్తి అక్క
41 కిలోలా! ఏం పెడుతున్నారు తమ్ముడూ? మగ లాబ్రడార్ 36 దాటకూడదు. రోజూ పెరుగన్నం, పైన బిస్కెట్లు అయి ఉంటాయి.

బ్రూనో ఇల్లు, నల్లగొండ
అక్కా, కారు గురించి, మెట్ల గురించి అడిగాను. తిండి గురించి డాక్టరు ఇప్పటికే చెప్పారు. వాడి నొప్పి చూడలేక ఇక్కడ రాశాను.

పానగల్లు
నొప్పంటే గుర్తొచ్చింది. మనుషుల ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ ముట్టించకండి. కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు పోతాయి. తర్వాత ఉదయసముద్రంలో ఈత కొట్టించండి, కండ బాగా పడుతుంది.

మిర్యాలగూడ టీచర్
కుట్లు మానకుండా చెరువులోకా? చీము పట్టించాలనా? పైగా ఒడ్డున జారితే చేసిన ఆపరేషనంతా వృథా.

పానగల్లు
తర్వాత అనే రాశాను, అంటే కుట్లు మానాకే, డాక్టరు ఒప్పుకుంటేనే. చదివి కోప్పడండి.

జడ్చర్ల రాట్‌వీలర్
అసలు ప్రశ్నకు జవాబు ఎవరూ చెప్పలేదు. కారు వెనుక సీటు మీద పరుపు, ముందు సందులో దిండ్లు కుక్కండి. బ్రేకు వేసినప్పుడు దొర్లకూడదు. నార్కట్‌పల్లి దగ్గర హైవే ఎక్కితే కుదుపులు ఉండవు. ఆపరేషన్ తర్వాత మెట్లు పూర్తిగా బంద్. కింద ఎవరి గదైనా అడిగి తీసుకోండి. ఎముక అతకడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది, అన్నాళ్లూ మూత్రానికి కూడా గొలుసు పట్టుకునే తీసుకెళ్లాలి. పొట్ట కింద పెద్ద తువ్వాలు వేసి రెండు కొసలూ పైకి పట్టుకుంటే మీ నడుమూ నిలుస్తుంది, వాడి కాలూ నిలుస్తుంది. గ్రానైట్ గచ్చు మీద గోనె పట్టాలు పరవండి. రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలో శస్త్రచికిత్స విభాగం ఉంది, అక్కడా ఒకసారి అడగండి.

కల్వకుర్తి పొమేరియన్
మా దానికి మోకాలి చిప్ప పక్కకు జారుతోంది. మూడు కాళ్ల మీద గెంతి, మళ్లీ మామూలుగా నడుస్తుంది. ఇదీ లిగమెంటేనా?

శునక శిక్షకుడు, సూర్యాపేట
అది వేరే జబ్బు, చిన్న జాతుల్లో ఎక్కువ. కానీ చిప్ప అలా జారుతూనే ఉంటే లిగమెంటు మీదా భారం పడుతుంది. ఈ వారంలోనే చూపించండి.