ఢిల్లీలో టీ1 నుంచి టీ3కి మూడు గంటలు చాలా?

అమ్మ మొదటిసారి అమెరికా వస్తోంది. హైదరాబాద్ నుంచి ఢిల్లీ టెర్మినల్ 1లో దిగి, టెర్మినల్ 3లో ఇంటర్నేషనల్ ఫ్లైట్ ఎక్కాలి. టికెట్లు వేర్వేరు, మధ్యలో మూడు గంటలే. హిందీ రాదు. ఒకటే టెన్షన్‌గా ఉంది.

జవాబు 1: చాలదండీ. టికెట్లు వేరైతే లగేజీ టీ1లోనే తీసుకుని, రోడ్డు మీద టీ3కి వెళ్లి, మళ్లీ చెకిన్, ఇమిగ్రేషన్, సెక్యూరిటీ, ఇవన్నీ అయ్యేసరికి మనకే చుక్కలు కనిపిస్తాయి, ఇక ఆవిడకి ఎలా ఉంటుందో చూసుకోండి. హైదరాబాద్ నుంచి ఇంకా ముందు బయల్దేరే ఫ్లైట్‌కి మార్చేయండి.

జవాబు 2: వీల్‌చెయిర్ పెట్టించండి, దారి చూపే మనిషి తోడుంటాడు.

జవాబు 3: నడవగలిగినవాళ్లకి వీల్‌చెయిర్ ఎందుకు బ్రో? పైగా రెండు టెర్మినల్స్ మధ్య ఆ మనిషి రాడు. తెలిసినవాళ్లెవరినైనా టీ1 బయట ఉండమనండి. ఆవకాయ మాత్రం చెకిన్ బ్యాగులోనే, మా అత్తయ్యది సెక్యూరిటీ దగ్గర పోయింది.