నలుగురం ఒకే జట్టుగా ఆడే ఆటల్లో నిజంగా మజా ఉంటుందా?

శనివారం_బ్యాచ్:

మేం నలుగురం. ఇంజినీరింగ్‌లో ఒకే హాస్టల్. ఇప్పుడు ఇద్దరం హైదరాబాద్‌లో, ఒకడు వైజాగ్‌లో, ఇంకొకడు డాలస్‌లో. ప్రతి శనివారం పొద్దున తొమ్మిదికి కాల్‌లో కలిసి ఏదో ఒకటి ఆడతాం (డాలస్ వాడికి అప్పుడు శుక్రవారం రాత్రి పదిన్నర). మూడేళ్లుగా ఇదే అలవాటు. ఇన్నాళ్లూ లూడో, రమ్మీ, అప్పుడప్పుడు షూటింగ్ గేములు. సమస్యేంటంటే ఆట అయ్యేసరికి ఎవడో ఒకడు అలుగుతాడు. పోయిన నెల లూడోలో ఇంట్లోకి తిరగడానికి రెండు గళ్ల ముందున్న కాయని చంపానని వైజాగ్ వాడు రెండు వారాలు కాల్‌కే రాలేదు. ముప్పై రెండేళ్ల మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి.

దాంతో అందరం ఒకే పక్షాన ఉండే ఆటలు చూద్దామనుకున్నాం. డాలస్ వాడు సెలవులకి వచ్చినప్పుడు ఒకరింట్లో కూర్చుని పాండెమిక్ ఆడాం. ప్రపంచ పటం మీద నాలుగు రోగాలు పాకుతుంటే నలుగురూ కలిసి వాటికి మందు కనిపెట్టాలి. ఆట బాగానే ఉంది కానీ మాలో ఒకడికి (పేరు చెప్పను, వాడూ ఇది చదువుతాడు) రూల్స్ మొత్తం నోటికి వచ్చు. "నువ్వు ఢిల్లీ వెళ్లు, నువ్వు కార్డు వాడికివ్వు, నువ్వు ఇక్కడే ఉండు" అని వాడొక్కడే ఆడాడు. మేం ముగ్గురం బొమ్మలు జరిపే కూలీలం. గెలిచాం కూడా, కానీ గెలిచినట్టు అనిపించలేదు.

అడగాలనుకున్నది రెండు. ఈ రకం ఆటలన్నీ ఇంతేనా? ఎదుటివాడిని ఓడించే పని లేనప్పుడు కిక్కు ఎక్కడినుంచి వస్తుంది? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, ఫోన్లో ఆడుకునేలా ఉంటే ఇంకా మంచిది.

తురుపు_ముక్క:

మీ బాధ నాకు అర్థమైంది గానీ, తప్పు పాండెమిక్‌ది సగమే. 2008లో వచ్చిన ఆట అది, మాట్ లీకాక్ చేశాడు, ఈ రకం ఆటల్లోకి చాలామంది దానితోనే దిగారు. అందులో భయం ఎలా పుడుతుందో చూశారా? ఎపిడెమిక్ కార్డు పడిందంటే ఇదివరకే రోగం తగిలిన ఊళ్ల కార్డులు కలిపేసి మళ్లీ కట్ట పైనే పెట్టాలి. అంటే ఏ ఊరు ముందే కుదేలైందో ఆ ఊరికే మళ్లీ దెబ్బ. చెన్నైలో రోగానికి గుర్తుగా పెట్టే క్యూబులు మూడున్నాయనుకోండి, చెన్నై కార్డు పైన ఎక్కడో ఉందని అందరికీ తెలుసు, అది తిరిగిందా, పక్కనున్న ముంబై, ఢిల్లీ, కోల్‌కతా, బ్యాంకాక్, జకార్తా అయిదింటికీ అంటుకుంటుంది. అలాంటివి ఎనిమిది జరిగితే కథ ముగిసింది. కార్డు తిప్పే ముందు బల్ల చుట్టూ ఒక నిశ్శబ్దం ఉంటుంది చూడండి, రమ్మీలో అది దొరకదు. ఎందుకంటే రమ్మీలో నా ముక్క కోసం నేనొక్కడినే ఊపిరి బిగబడతాను, ఇక్కడ నలుగురూ ఒకే ముక్కకి బిగబడతారు. మీరడిగిన కిక్కు అదే. (హైదరాబాద్ ఆ పటంలో లేదు. ఆ కోపం నాకింకా ఉంది.)

ఇక మీ వాడి పెత్తనం సంగతి. పాండెమిక్‌లో అందరి కార్డులూ, పటమూ అన్నీ బాహాటంగా ఉంటాయి కాబట్టి ఒక్క బుర్ర చాలు, మిగతా మూడు బుర్రలు అదనం. వాడు చెడ్డవాడు కాదు, ఆట వాడికి ఆ సందు ఇచ్చింది. అందుకని ఒకరికి కనబడేది ఇంకొకరికి కనబడని ఆటలు వెతుక్కోండి. అప్పుడు ఎంత తెలివైనవాడైనా పక్కవాడిని బతిమాలుకోవాల్సిందే.

హనాబీ ఆడండి. పేక ముక్కలంత చిన్న ఆట, యాభై కార్డులు, అయిదు రంగులు, ఒక్కో రంగులో ఒకటి నుంచి అయిదు దాకా వరసగా పేర్చాలి. తమాషా ఏంటంటే ముక్కలు తిరగేసి పట్టుకుంటారు. నా చేతిలో ఏముందో నాకు తప్ప అందరికీ కనబడుతుంది. ఒకరికి ఒక సూచన ఇవ్వొచ్చు, "ఈ రెండూ ఎరుపు" అనో "ఇది అయిదు" అనో, అంతే. సూచనలు ఎనిమిదే, అయిపోతే ఎవరో ఒక ముక్క పారేస్తేనో, ఒక రంగు వరస అయిదు దాకా పూర్తయితేనో గానీ ఒకటి తిరిగి రాదు. తప్పులు మూడు చేస్తే ఆట గోవిందా.

మా ఇంట్లో జరిగింది చెప్తా. సూచనలన్నీ అయిపోయాయి. మా తమ్ముడి వంతు. వాడి చేతిలో తెల్ల అయిదు ఉంది, ఒక్కో రంగుకి అయిదు ఒక్కటే ఉంటుంది, అది పోతే తెలుపు వరస ఇక పూర్తి కాదు. వాడు సరిగ్గా ఆ ముక్క మీదే వేలు పెట్టి పారేయడానికి లాగుతున్నాడు. నేను ఏమీ అనకూడదు, కళ్లెత్తి చూడకూడదు, కాఫీ గ్లాసు ఖాళీ అయిపోయినా తాగుతూ కూర్చున్నా. వాడు ఆగాడు. ముక్క వెనక్కి తోసి పక్కది పారేశాడు. తర్వాత అడిగితే "ఖాళీ గ్లాసు ఎవరైనా తాగుతారా?" అన్నాడు. రూల్ ప్రకారం అది దొంగాటే, ఒప్పుకుంటా, కానీ ఆ రోజు ఇరవై మూడు వచ్చింది మాకు, ఇరవై అయిదుకి. 2013లో జర్మనీలో ఏడాదికి మేటి ఆట అవార్డు ఊరికే ఇవ్వలేదు దీనికి.

తురుపు ఆట వచ్చినవాళ్లయితే ద క్రూ కూడా చూడండి. అచ్చం పేకాటే, రంగు వేస్తే రంగు వేయాలి, తురుపుతో కొట్టొచ్చు, కానీ అందరూ ఒక జట్టు. ఫలానా ముక్క ఫలానా మనిషికే రావాలి, అది మీరంతా కలిసి కుదర్చాలి, నోరు మెదపకుండా. మిషన్‌కి ఒక్కసారి ఒక్క ముక్క బల్ల మీద పెట్టి ఆ రంగులో ఇది నా దగ్గరున్న పెద్దదో, చిన్నదో, ఉన్నదే ఇదొక్కటో చూపించొచ్చు. యాభై మిషన్లు. మేం ముప్పై దగ్గర చిక్కుకుని నెల రోజులయింది.

అంట్లు_నేనే_తోముతా:

పైన అన్న చెప్పినవన్నీ మౌనవ్రతం ఆటలు. మాకు అరుచుకునే ఆటలు కావాలి బ్రో. ఓవర్‌కుక్డ్ ఆల్ యు కెన్ ఈట్. హోటల్ వంటిల్లు, నలుగురు వంటవాళ్లు, ఆర్డర్లు వస్తూనే ఉంటాయి. ఉల్లిపాయ సూప్‌కి మూడు ఉల్లిపాయలు తరిగి కుండలో వేయాలి, ఉడకగానే దించాలి, ప్లేటులో పోయాలి, కిటికీలో పెట్టాలి. చదివితే ఇంతే. ఆడితే మూడో నిమిషానికి "ప్లేట్లేవీ? ఒరేయ్ ప్లేట్లేవీ?" అని అరుపులు, చూస్తే అంట్లన్నీ సింక్ పక్కన గుట్టగా ఉంటాయి, అందరూ హీరోల్లా ఉల్లిపాయలు తరుగుతుంటారు, తోమేవాడు ఉండడు. ఈలోగా దించని కుండకి నిప్పంటుకుంటుంది.

మా బ్యాచ్‌లో నేను గేములు ఆడని మనిషిని, కంట్రోలర్ పట్టుకోవడం కూడా సరిగా రాదు. నాకు సింక్ ఇచ్చారు. నాలుగు వారాల తర్వాత ఒకరోజు నేను లేకుండా ఆడితే రెండు స్టార్లు కూడా రాలేదట, ఫోన్ చేసి పిలిచారు. ఆఫీసులో ప్రమోషన్ వచ్చినప్పుడు కూడా అంత సంతోషపడలేదు, నిజంగా.

మీ నలుగురూ నాలుగు చోట్ల కాబట్టి ఒక మాట. ఆన్‌లైన్‌లో ఆడొచ్చు, అయితే ఒక్కొక్కరూ విడిగా కొనాలి. కంప్యూటర్ గేములు అమ్మే స్టీమ్‌లో రిమోట్ ప్లే టుగెదర్ అని ఉంది, దాంతో ఒకరు కొంటే మిగతావాళ్లు చేరొచ్చు, కానీ కొన్నవాడి స్క్రీనే మిగతావాళ్లకి వీడియోలా వస్తుంది, డాలస్ నుంచి వైజాగ్‌కి బొమ్మ వచ్చేలోపు సూప్ మాడిపోతుంది. ఇట్ టేక్స్ టూ గొప్ప ఆట, ఒక కాపీ ఉంటే రెండోవాళ్లు ఉచితంగా చేరతారు, కాకపోతే ఇద్దరికి మాత్రమే. అది మీ మీ ఇళ్లలో వాళ్లతో ఆడుకోండి.

క్యారమ్స్_కింగ్:

అందరూ పొగుడుతున్నారు కాబట్టి నేనొక్కడినైనా తిడతా. ఓడించడానికి ఎదురుగా మనిషి లేకపోతే నాకు నిద్రొస్తుంది. కార్డుల కట్టని ఓడించి ఏం చేసుకుంటాం, దాన్ని మర్నాడు ఆఫీసులో ఏడిపించగలమా? మీకు క్యారమ్స్‌లో జోడీలు ఉన్నాయి, అష్టాచెమ్మా కూడా జోడీలుగా ఆడొచ్చు, పార్ట్‌నరూ ఉంటాడు, శత్రువూ ఉంటాడు. అలిగేవాడు ఏదాడినా అలుగుతాడు. మీ వైజాగ్ వాడికి ఒక ఫోన్ కొట్టి సారీ చెప్పు ముందు.

మినపసున్ని:

పై తమ్ముడికి: ఓడించే మనిషి లేని ఆట మనకి కొత్తేం కాదు నాయనా. ఒప్పులకుప్ప ఆడలేదా ఎప్పుడూ? మీరు మగపిల్లలు ఆడి ఉండరులే. ఇద్దరం ఎదురెదురుగా నిలబడి, చేతులు అడ్డంగా వేసి పట్టుకుని, పాదాలు దగ్గరగా పెట్టి వెనక్కి వాలి గిరగిరా తిరుగుతాం. అందులో గెలిచేదెవరు? ఎవరూ లేరు. ఎంత వెనక్కి వాలితే అంత వేగం, కానీ అవతలి పిల్ల గట్టిగా పట్టుకుంటుందని నమ్మకం ఉంటేనే వాలగలం. ఒకరు వదిలితే ఇద్దరూ వెల్లకిలా పడతారు. మా భీమవరం ఇంటి వాకిట్లో మా పెద్దమ్మ కూతురూ నేనూ సంక్రాంతి సెలవులంతా అదే పని. తనకి ఇప్పుడు మోకాళ్ల నొప్పులు, నాకు బీపీ. కిందటి పండక్కి ఒక్క చుట్టు తిరుగుదామా అంటే పిల్లలంతా పరుగెత్తుకొచ్చి ఆపేశారు.

మీ నాలుగు ఊళ్ల ఫోన్ ఆటకి ఇది పనికిరాదనుకోండి. గుర్తొచ్చి రాశాను.

ఎర్రతీగ:

ప్రశ్న అడిగినాయనకి సూటిగా సమాధానం: కీప్ టాకింగ్ అండ్ నోబడీ ఎక్స్‌ప్లోడ్స్. 2015 గేమ్. ఒక్కరు కొంటే చాలు. వాడి స్క్రీన్ మీద బాంబు ఉంటుంది, టైమర్ తిరుగుతుంటుంది. మిగతా ముగ్గురి దగ్గర దాన్ని ఆపే పుస్తకం, అది వాళ్ల సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది, ప్రింట్ తీసుకోండి. బాంబు ఉన్నవాడు పుస్తకం చూడకూడదు, పుస్తకం ఉన్నవాళ్లు బాంబు చూడకూడదు. మధ్యలో ఉన్నది మాట ఒక్కటే. ఫోన్లో ఆడటానికే పుట్టినట్టుంటుంది.

మీ పెత్తనం ఫ్రెండ్‌కి బాంబు ఇవ్వండి. రూల్స్ ఎన్ని తెలిసినా, ఏ తీగ కొయ్యాలో మీరు చెప్పేదాకా వాడు చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఒక చోట నాలుగు బటన్ల మీద వింత గుర్తులుంటాయి, వాటికి పేర్లుండవు, మీరే పెట్టుకోవాలి. మేం ఒకదాన్ని జిలేబీ అంటాం. ఇంకో చోట తెర మీద ఒక ఇంగ్లీషు మాట పడుతుంది, red, read, reed, led, lead, leed లాంటివి, వాటిలో రెండు మూడు ఒకేలా పలుకుతాయి కాబట్టి స్పెల్లింగ్ చెప్పాలి. టెన్షన్‌లో ఎవడూ చెప్పడు.

శనివారం_బ్యాచ్:

అందరికీ థాంక్స్. క్యారమ్స్_కింగ్ గారూ, ఫోన్ కొట్టి సారీ చెప్పాను, "ఎందుకురా?" అన్నాడు, మర్చిపోయాడట.

నిన్న బాంబు గేమ్ ఆడాం. డాలస్ వాడు కొన్నాడు. పెత్తనం వాడు (సరే, డాలస్ వాడే, ఎలాగూ తెలిసిపోయింది) బాంబు పట్టుకున్నాడు, మేం ముగ్గురం పుస్తకం. మొదటి రెండూ పేలాయి. మూడోసారి ఆ గుర్తుల దగ్గర ఆగాం. వాడు "ఒక త్రిశూలం, నాలుక బయటపెట్టి నవ్వే మొహం, ఒక నక్షత్రం, ఇంకోటి తిరగబడ్డ పి" అన్నాడు. పుస్తకంలో నక్షత్రాలు రెండు రకాలు, నిండుగా ఉన్నదొకటి, ఖాళీదొకటి. నేను కంగారులో ఖాళీ నక్షత్రం ఉన్న వరసల్లో త్రిశూలం కోసం వెతుకుతున్నా, దొరకట్లేదు, నలభై సెకన్లుంది. అప్పుడు వైజాగ్ వాడు, మామూలుగా ఏ ఆటలోనూ నోరు తెరవనివాడు, చాలా నెమ్మదిగా "మామా, నక్షత్రం లోపల నిండి ఉందా, ఖాళీగా ఉందా?" అని అడిగాడు. "నిండింది." "అయితే త్రిశూలం, నవ్వు మొహం, పి, చివర నక్షత్రం. ఆ వరసలో నొక్కు." నొక్కాడు. పచ్చలైటు వెలిగింది. ఇంకా ఒక తీగ మిగిలింది, అది కూడా వైజాగ్ వాడే చెప్పాడు, ఏడు సెకన్లుండగా ఆగింది. నలుగురం ఒకేసారి అరిచిన అరుపుకి మా పక్క ఫ్లాట్ ఆంటీ తలుపు కొట్టింది. హాస్టల్‌లో రిజల్ట్స్ వచ్చిన రాత్రి అరిచాం అలా, మళ్లీ ఇప్పుడే.

డాలస్ వాడు ఒకటే మాట అన్నాడు, "నాకేం చెయ్యాలో తెలీకుండా కూర్చోవడం ఇంత బాగుంటుందనుకోలేదురా" అని. పాండెమిక్ మళ్లీ ఆడదామన్నాడు, ఈసారి నోరు కట్టేసుకుంటాడట. చూద్దాం.

ఒక్క చిక్కు. అక్కడ అర్ధరాత్రి దాటింది, వాడి అపార్ట్‌మెంట్ గోడలు పల్చన. వాళ్లావిడ నిద్ర లేచి వచ్చి, అమెరికాలో ఈ వేళప్పుడు బాంబు బాంబు అని కేకలేస్తే పక్కింటివాళ్లకి తెలుగు రాకపోయినా ఆ ఒక్క మాట అర్థమవుతుందని గడ్డి పెట్టింది. అందుకని వచ్చే వారం నుంచి దాన్ని బొబ్బట్టు అనాలని తీర్మానించుకున్నాం. "బొబ్బట్టు పేలడానికి నలభై సెకన్లుందిరా, తీగ ఏ రంగు చెప్పు!"