ఉద్యోగం మానేసి పూర్తికాల సేవకి రావాలా? పెద్దలు సలహా చెప్పండి

అడిగినవారు: పర్లాకిమిడి బ్రదర్

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. మాది పర్లాకిమిడి, ఉద్యోగం రాయగడలో ఒక ఫ్యాక్టరీలో, ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్. పెళ్ళయింది, పాప ఇంకా అంగన్‌వాడీ వయసు. చాలా కాలంగా షిఫ్టు లేని ఆదివారాలు గుణుపురం పైన కొండల్లో సవర గిరిజనుల ఊళ్ళకి మా సంఘం వాళ్ళతో వెళ్తుంటాను. నాన్నగారు అటు వైపు బడిలో పంతులుగా చేశారు కాబట్టి నాకు చిన్నప్పటి నుంచీ సవర మాట్లాడటం వచ్చు, అలా వాక్యం చెప్పే పని మెల్లగా నా మీదే పడింది. మొన్న ఉజ్జీవ కూటాల్లో పూర్తికాల సేవకి, అంటే వేరే ఉద్యోగం లేకుండా సంఘం పనే చెయ్యడానికి, సమర్పించుకునేవాళ్ళు లేవండి అంటే లేచి నిలబడ్డాను. అప్పటి నుంచి డ్యూటీలో ఉన్నా ధ్యాస అంతా అక్కడే. మా పాస్టర్ గారు "ప్రార్థన చెయ్యి నాన్నా" అంటారు తప్ప అవునని అనరు, కాదని అనరు. మా ఆవిడ ఏమీ అనదు. నాన్నగారు మాత్రం "చేతిలో ఉద్యోగం పెట్టుకుని కానుకల మీద బతుకుతావా" అని ఒకటే మాట. ఇంటి లోన్ ఇంకా ఉంది.

ఇది నిజంగా దేవుని పిలుపా, లేక నైట్ షిఫ్టులతో విసిగిపోయి నేనే పిలుపు అనుకుంటున్నానా, ఎలా తెలుస్తుంది? పిలుపే అయితే ఇలా లెక్కలు వేసుకోవడం అవిశ్వాసం కాదా?

బరంపురం యూత్

ప్రైజ్ ద లార్డ్ అన్నా. నాగటి మీద చెయ్యి పెట్టినవాడు వెనక్కి చూడకూడదు, అంతే. పేతురు వలలు వదిలేసి వెంటనే వెళ్ళాడు, లోన్ కట్టేసి వస్తానన్నాడా? మీరు దేవుని ముందు నిలబడి మాట ఇచ్చేశారు, ఇంకా ఇక్కడ అడగటం ఎందుకు?

జయపురం, రిటైర్డ్ పాస్టర్

పై తమ్ముడి ఉత్సాహం మంచిదే కానీ పేతురు సంగతి సగమే చెప్పాడు. వలలు వదిలాక కూడా పేతురుకి ఇల్లుంది, ఇంట్లో జ్వరంతో పడుకున్న అత్త ఉంది, యోహాను 21లో చూస్తే దోనె కూడా అందుబాటులోనే ఉంది. ఇక లెక్కలంటావా, గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు చూసుకోడా అని అడిగింది ప్రభువే, లూకా 14లో. కాబట్టి లెక్క వేసుకోవడం అవిశ్వాసం కాదు బాబూ, లెక్క వేసి చూసి భయపడి దాన్ని దాచుకోవడం వేరే సంగతి.

అపొస్తలుల కార్యములు 13 మళ్ళీ ఒకసారి నెమ్మదిగా చదువు. బర్నబాని, సౌలుని (అంటే పౌలుని) ప్రత్యేకపరచమని పరిశుద్ధాత్మ చెప్పింది అంతియొకయ సంఘంలో అందరూ ఉపవాసం ఉన్నప్పుడు, సౌలు ఒక్కడూ గదిలో ఉన్నప్పుడు కాదు. పైగా వాళ్ళిద్దరూ అప్పటికే అక్కడ బోధ చేస్తున్నవాళ్ళు. పిలుపు నీ గుండెలో మొదలవ్వొచ్చు, కానీ దాన్ని గుర్తుపట్టాల్సింది సంఘం. మీ పాస్టర్ గారు ఏమీ తేల్చకపోతే సంఘ పెద్దల కమిటీ ముందు కూర్చుని సూటిగా అడుగు, "నాలో మీకు ఈ వరం కనిపిస్తోందా, మీరు నన్ను పంపిస్తారా" అని. ఆ ఊళ్ళవాళ్ళని కూడా అడుగు. నువ్వు వెళ్ళని ఆదివారం అక్కడ నీ గురించి ఎవరైనా అడుగుతున్నారా? కూటాల్లో ఆఖరి పాట పాడుతున్నప్పుడు లేచి నిలబడటం సులువు, నా సర్వీసులో అలా లేచినవాళ్ళని చాలామందిని చూశాను, మర్నాడు ఇంటికి వెళ్ళి పలకరిస్తే కొందరు తలుపు కూడా తియ్యలేదు. నిన్ను అనడం లేదు.

నైట్ షిఫ్టు సందేహం నువ్వే బయటపెట్టావు, సంతోషం. దానికి నాకు తెలిసిన పరీక్ష ఒకటే, షిఫ్టు మార్పించుకునో, సెలవు పెట్టుకునో బాగా నిద్రపోయి చూడు, అప్పటికీ ఆ కొండ మీదకి పోవాలనే ఉందా అని.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. నీ మనసు ఆ సవర ఊళ్ళ మీదా, చర్చిలో ప్రసంగం చేసే పుల్పిట్ మీదా? మిషన్ సంఘాల్లో పాస్టరైతే ట్రాన్స్‌ఫర్లు ఉంటాయి, ఎక్కడ వేస్తే అక్కడికి వెళ్ళాలి. డిగ్రీ ఉన్నవాళ్ళకి పాస్టర్లు చదివే థియాలజీ డిగ్రీ, సెరంపూర్ బి.డి., 4 ఏళ్ళ చదువు, హైదరాబాదో చెన్నైయో పోతే ఆ 4 ఏళ్ళూ నీ నోట్లో సవర మాట ఆడదు. చదవాలనుకుంటే గోపాలపూర్ థియాలజీ కాలేజీ కూడా కనుక్కో, దగ్గరా అవుతుంది, నువ్వు పని చేసే జిల్లాల్లో ఎలాగూ ఒడియాలో మాట్లాడాలి, రాయాలి. మా దగ్గర జర్మనీ నుంచి బ్రెక్లుమ్ మిషన్ వాళ్ళు 1882లో వచ్చినప్పుడు మొదట చేసిన పని కూడా భాష నేర్చుకోవడమే. నీకది అమ్మ చేతి ముద్దతో వచ్చేసింది, దాన్ని పోగొట్టుకోకు.

గుణుపురం నుంచి, పాస్టరమ్మ

మీ ఆవిడ ఏమీ అనదు అని ఒక్క ముక్కలో దాటేశారు, నేను అక్కడే ఆగిపోయాను తమ్ముడూ. ఏమీ అనకపోవడం ఒప్పుకోవడం కాదు. ఉద్యోగం మానేది మీరు, సర్దుకోవాల్సింది ఆవిడ.

మా సంఘంలో ఆడవాళ్ళు వంటకి బియ్యం తీసినప్పుడల్లా ఒక పిడికెడు పక్కన పెట్టి ఆదివారం తెస్తారు. ఎంతో ప్రేమతో తెస్తారు, కాదనను. కానీ ఆ సంచి విప్పితే ఉప్పుడు బియ్యం, పచ్చి బియ్యం, రేషన్ బియ్యం అన్నీ కలిసిపోయి ఉంటాయి, ఒకటి ఉడికేసరికి ఇంకోటి ముద్దైపోతుంది. పెళ్ళైన కొత్తలో ఆ అన్నం గిన్నె ముందు కూర్చుని ఏడ్చాను. ఇప్పుడు చేటలో పోసుకుని వీలైనంత వేరు చేసి వండుతాను, చేతికి అలవాటైపోయింది. ఇవి కూటాల్లో సాక్ష్యంగా చెప్పరు. వానాకాలం కొండ మీద నుంచి జనం దిగరు, కానుక కవరు పల్చబడుతుంది, అదే నెలలో పిల్లల స్కూలు ఫీజు. రాత్రి పన్నెండింటికి ఎవరికో పురిటి నొప్పులని తలుపు కొడతారు, ఆయన బండి మీద వెళ్ళిపోతారు, పొద్దున్న ఎప్పుడొస్తారో తెలియదు. నేను ఈ బతుకు మార్చుకోమంటే మార్చుకోను, అది వేరే. కానీ తెలిసి వచ్చాను. మా ఆయన పెళ్ళిచూపుల్లోనే అన్నీ చెప్పేశారు, జీతం ఎంతో కూడా.

మీరు మాట్లాడొద్దు, ఆవిడ్ని మాట్లాడనివ్వండి. వీలైతే ఒక పాస్టర్ గారి ఇంట్లో, ఆయనతో కాదు, అమ్మగారితో, ఆవిడ్ని రెండ్రోజులు ఉండమనండి.

బరంపురం యూత్

అక్కా, మీరు భయపెడుతున్నారు. పక్షులను పోషించేవాడు మనల్ని పోషించడా?

గుణుపురం నుంచి, పాస్టరమ్మ

పోషిస్తాడు తమ్ముడూ, ఇన్నేళ్ళూ పోషించాడు. నీకు పెళ్ళయిందా?

మల్కన్‌గిరి, మందుల షాపు

నేను వారమంతా షాపు నడుపుతాను, సాయంత్రాలు, ఆదివారం సేవ. పౌలు డేరాలు కుట్టి బతుకుతూ సేవ చేశాడని అందరూ అంటారు, అదే పౌలు 1 కొరింథీ 9లో సువార్త ప్రకటించేవాడు సువార్త వల్ల బతకొచ్చని కూడా రాశాడు, రెండూ ఉన్నాయి, రెండూ సేవే. పూర్తికాలం అంటే పెద్ద సేవ, మాది పార్ట్‌టైమ్ చిన్న సేవ అన్నట్టు స్టేజీల మీద మాట్లాడతారు చూడండి, అది నాకు నచ్చదు. బిస్సంకటక్ మిషన్ ఆసుపత్రి 1954లో మొదలైంది, అక్కడి నర్సులు చేసేది సేవ కాకపోతే మరేమిటి?

రెండు పనికొచ్చే సంగతులు. మీ పీఎఫ్‌లో పెన్షన్‌కి అర్హత రావాలంటే కనీసం 10 ఏళ్ళ సర్వీసు ఉండాలి, మీకెంత అయిందో చూసుకోండి, ఇంకొంచెమే తక్కువైతే అది నింపుకునే మానెయ్యండి. లోన్ ఉండగా మాత్రం మానొద్దు, బ్యాంకువాడు సంఘం ముందుకొచ్చి నిలబడితే మీ సాక్ష్యమే పోతుంది.

రెండోది చట్టం. మన ఒడిశాలో 1967 నుంచీ మత స్వేచ్ఛ చట్టం ఉంది, బలవంతం, ప్రలోభం, మోసంతో మతం మార్చితే శిక్ష, ఎస్సీ ఎస్టీల విషయంలో శిక్ష ఎక్కువ. 1989 నియమాల ప్రకారం మతం మారే కార్యక్రమానికి 15 రోజుల ముందే దాన్ని జరిపించే మతాధికారి జిల్లా మేజిస్ట్రేట్‌కి తెలియజెయ్యాలి. ఇప్పుడు మీరు వాక్యం చెప్పి వచ్చేస్తున్నారు. రేపు పాస్టరైతే బాప్తిస్మం ఇచ్చే చెయ్యి మీదే, సంతకం మీదే, అడిగితే జవాబు చెప్పాల్సిందీ మీరే. ఊళ్ళో బియ్యం పంచినా మందులు పంచినా దాన్ని ప్రలోభం అనేవాళ్ళుంటారు, అందుకే నేను షాపులో సువార్త మాట్లాడను, కూడికలో మందుల మాట ఎత్తను. భయపడమని కాదు, తెలుసుకుని దిగమని.

పర్లాకిమిడి బ్రదర్

అందరికీ చాలా థాంక్స్. అమ్మగారు రాసింది మా ఆవిడకి చదివి వినిపించాను. చాలాసేపు ఊరుకుని, "పాప చదువు సంగతి నువ్వు ఇంతవరకు ఒక్కసారైనా ఎత్తావా" అంది. రాత్రి చాలాసేపు మాట్లాడుకున్నాం. తను వద్దనడం లేదు, లోన్ తీరాక అంటోంది, ఈలోపు తను కూడా నాతో ఆ ఊళ్ళకి వస్తానంది, ఇన్నాళ్ళూ నేనెప్పుడూ రమ్మనలేదట. సర్వీసు చూసుకున్నాను, 10 ఏళ్ళకి ఇంకా కొంత తక్కువే ఉంది. జనరల్ షిఫ్టు కోసం అప్లికేషన్ పెడుతున్నాను. సంఘ పెద్దల ముందు అడగాలంటే మాత్రం గుండె దడగా ఉంది, వాళ్ళు కాదంటే ఏం చెయ్యాలి?

జయపురం, రిటైర్డ్ పాస్టర్

కాదంటే ఎందుకు కాదో అడుగు. "నీకు ఇంకా వాక్యం రాదు" అంటే చదువుకుంటావు. "నీ కోపం తగ్గాలి" అంటే అది మీ ఆవిడకీ తెలిసే ఉంటుంది, ఇంట్లో అడుగు. కారణం చెప్పకుండా కాదంటే ఏడాది ఆగి మళ్ళీ అడుగు. థియాలజీ కాలేజీకి అప్లై చేసేటప్పుడు ఎలాగూ సంఘం సిఫారసు లెటరు అడుగుతారు, వాళ్ళని దాటి పోయే దారి వెతక్కు. ఈలోపు ఆదివారం ఊళ్ళు మానకు, ఈసారి పాపని కూడా తీసుకెళ్ళు.