ఉగాది వేడుక: చిన్నపిల్లల కథకు వలంటీర్ల ఏర్పాట్లు

కథ బాధ్యత:
అందరికీ నమస్కారం. మెల్‌బోర్న్ ఉగాది వేడుకలో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు కథ చెప్పే పని మనకిచ్చారు. ఏడు చేపల కథ అనుకుంటున్నాను. ఇక్కడ పుట్టిన పిల్లల్లో చాలామందికి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. ఈ కథలో ఒకే తీరు ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది కనుక గడ్డిమోపు, ఆవు దాటేసరికి వాళ్లే అందుకుంటారు. అందుకే ప్రశ్నలన్నీ పిల్లలతోనే అడిగిద్దాం. జవాబులు మనవి. "చేపా చేపా ఎందుకు ఎండలేదు?" అని ఒక్కసారి అందిస్తే చాలు.

ఎవరైనా "ఎందుకు ఎండలే" అన్నా, "వై నో ఎండలేదు" అన్నా దయచేసి దిద్దకండి. అందరి ముందు తప్పు పడితే ఆ పిల్ల మళ్లీ నోరు విప్పదు. కథ అయ్యాక నీతి కూడా అడగొద్దు.

హాలు ఏర్పాట్లు:
అక్కా, స్టేజీ మీద మాత్రం వద్దు. అక్కడ డాన్సుల సౌండ్ చెక్ నడుస్తుంటుంది, పిల్లల గొంతు వినపడదు. పక్క గదిలో జంపఖానా పరిచి అర్ధచంద్రంలో కూర్చోబెడదాం. భోజనాలకు ముందే పెట్టండి, తిన్నాక నిద్రకొస్తారు. ఇరవై నిమిషాలు దాటనివ్వొద్దు.

ఆంటీ (అవ్వ పాత్ర):
అమ్మా, పాలేరు అంటే ఈ పిల్లలకేం తెలుస్తుంది? అయినా ముందే అర్థాలు చెబుతూ కూర్చోకు, కథ చల్లారిపోతుంది. ఆవును మేపే అన్న అని ఒక్క మాటలో అనేసి ముందుకెళ్దాం. గడ్డిమోపు మాత్రం చేతికివ్వాలి. పట్టుకున్నది మరిచిపోరు. ఎండుగడ్డి నేను తెప్పిస్తాను.

హాలు ఏర్పాట్లు:
ఆంటీ, నిజం గడ్డి వద్దండీ. గడ్డి దుమ్ము పడని పిల్లలు, ఆస్తమా ఉన్న పిల్లలు ఇక్కడ చాలామంది ఉంటారు. పసుపు కాగితం చీలికలు మోపు కట్టి తెస్తాను.

కథ బాధ్యత:
అలాగే చేద్దాం. చీమ దగ్గర మనం పిల్లల్ని గిల్లడం, చక్కిలిగింతలు పెట్టడం వద్దు. ఎవరి చేతి మీద వాళ్లే రెండు వేళ్లు పాకించుకుంటారు. "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?" అనేది మాత్రం అందరూ గట్టిగా అరవాలి. అక్కడ ఎంత గోల చేసినా ఆపకండి, ఆ ఒక్క వాక్యం ఇంటికెళ్లాక కూడా అంటూనే ఉంటారు. సిగ్గుపడే పిల్లలకు బట్ట చేప ఇచ్చి అమ్మ ఒళ్లోనే కూర్చోనిద్దాం. పాత్ర చెయ్యమని బతిమాలొద్దు. తల్లిదండ్రులు వెనక కూర్చుని ప్రశ్నలో గొంతు కలపాలి, ఫోన్లు పక్కన పెట్టమని నేనే చెబుతాను.

ఇంకో ముఖ్యమైన సంగతి. మన విక్టోరియా రాష్ట్రంలో పిల్లలతో ఇలా పనిచేసేవాళ్లకు వర్కింగ్ విత్ చిల్డ్రన్ చెక్, అంటే ప్రభుత్వం చేసే నేపథ్య తనిఖీ, కావాలి. వలంటీర్లకు ఉచితం, ఐదేళ్లు చెల్లుతుంది. చేతికి రావడానికి కొంత సమయం పట్టొచ్చు కాబట్టి లేనివాళ్లు ఈ వారమే దరఖాస్తు పెట్టండి. ఆంటీ, మీ గడువు కూడా ఒకసారి చూసుకోండి.

బట్టతో ఏడు చేపలు కుట్టగలిగినవాళ్లు ఎవరైనా ఉన్నారా? గుండీలు, పూసలు పెట్టొద్దు, చిన్నవాళ్లు నోట్లో పెట్టుకుంటారు. కళ్లు దారంతోనే కుట్టండి.